ట్యాకిల్స్ లెక్కతో డిఫెండర్‌ను తూచగలమా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫుట్‌బాల్‌లో స్ట్రైకర్ల గురించి వాదన వస్తే గోల్స్ సంఖ్య చెప్పి ముగించవచ్చు. డిఫెండర్ల గురించి వాదన అంత తేలిగ్గా తెగదు. ఒకరు ట్యాకిల్స్ (ప్రత్యర్థి కాలి దగ్గరున్న బంతిని తీసేయడం) లెక్క చూపిస్తారు, మరొకరు క్లీన్ షీట్లు (గోల్ ఇవ్వని మ్యాచ్‌లు) చూపిస్తారు, మూడో వ్యక్తి "అసలు మీరు మ్యాచ్ చూశారా?" అని అడుగుతారు. అర్ధరాత్రి దాకా మేలుకొని ప్రీమియర్ లీగ్, ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చూసే తెలుగు అభిమానుల మధ్య ఏళ్ల తరబడి నేను విన్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. జవాబులు నావి. అందరూ ఒప్పుకోకపోవచ్చు. వీలైన ప్రతిచోటా మైదానంలో నిజంగా జరిగిన సంఘటనను ముందు పెట్టి మాట్లాడాను.

సూటిగా చెప్పండి: గణాంకాలు డిఫెండర్‌కు న్యాయం చేస్తాయా?

టీవీ తెర మీద, ఫోను యాప్‌లలో మనకు కనిపించే గణాంకాలు చేయవు. డిఫెండర్ చేసిన పనులను అవి లెక్కిస్తాయి. అతను ఉండడం వల్ల జరగకుండా పోయిన ప్రమాదాలు వాటికి అందవు. డిఫెండర్ ఉద్యోగంలో పెద్ద భాగం ఆ రెండోదే. అలాగని అంకెలన్నీ పనికిరానివని తోసేసేవారితోనూ నేను ఏకీభవించను. ఒక అంకె ఏ పరిస్థితిలో పుట్టిందో తెలుసుకుని చదివితే, మన కంటికి తప్పిపోయిన సంగతిని అది పట్టి ఇస్తుంది.

ఎక్కువ ట్యాకిల్స్ చేసినవాడు మంచి డిఫెండర్ కాదా?

కావచ్చు, కాకపోవచ్చు. ట్యాకిల్స్ సంఖ్య ఒక్కటే చూస్తే ఆ రెండింటిలో ఏదో తెలియదు.

చెరువుకు గండి పడ్డాక పూడ్చినవాడు ఎన్ని తట్టల మట్టి మోశాడో లెక్క పెట్టవచ్చు. గండి పడకుండా రాత్రంతా గట్టు కాచినవాడి పనిని ఏ తట్టతో కొలుస్తాం? ట్యాకిల్ చాలాసార్లు గండి పూడ్చే పని. అంతకుముందే ఎక్కడో నిలబడాల్సిన చోట నిలబడకపోవడం వల్లనో, పక్కవాడు వదిలేయడం వల్లనో దాని అవసరం వస్తుంది. ట్యాకిల్ చేయాల్సి వచ్చిందంటే అప్పటికే తప్పు జరిగిపోయిందన్న మాట పావొలో మాల్దీనీ పేరు మీద ప్రచారంలో ఉంది. ఏసీ మిలాన్ తరఫున 25 సీజన్లు ఆడి, 5 సార్లు ఐరోపా విజేతగా నిలిచిన ఆటగాడి పేరు మీద ఆ మాట నిలబడిందంటే అతని ఆటలో దానికి రుజువు కనిపించబట్టే. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ చాబీ అలోన్సో కూడా 2011లో ఒక ఇంటర్వ్యూలో ఇలాంటి అభిప్రాయమే చెప్పాడు. ట్యాకిల్ చివరి దారి మాత్రమేనని, ఎదిగే పిల్లలు అదే తమ గొప్పతనమని చెప్పుకోవడం తనకు అర్థం కాదని అతని వాదన.

ఇక్కడ ఒక మాట అడ్డం వేయాలి. ఈ వాదనను పట్టుకుని ట్యాకిల్ అంటేనే చేతకానితనమని మాట్లాడేవాళ్లు బయలుదేరారు. అదీ అన్యాయమే. 1970 ప్రపంచకప్‌లో జూన్ 7న గ్వాదలహారాలో బ్రెజిల్ మీద బాబీ మూర్ చేసిన ట్యాకిల్ చూడండి. పెనాల్టీ ఏరియాలోకి దూసుకొస్తున్న జైర్జిన్యోను ఎదురుగా వెనక్కి జరుగుతూ రానిచ్చి, సరైన క్షణంలో కాలు చాపి, మనిషిని తాకకుండా బంతిని మాత్రమే తీసుకున్నాడు. తర్వాత లేచి బంతితో ముందుకు నడిచాడు. అందులో తప్పు దిద్దుకోవడం లేదు, ఆసాంతం నైపుణ్యమే. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 0-1తో ఓడింది, గోల్ కొట్టింది ఆ జైర్జిన్యోనే. ఆ ట్యాకిల్ మాత్రం నిలిచిపోయింది.

ట్యాకిల్, ఇంటర్‌సెప్షన్, క్లియరెన్స్: వీటిని ఎవరు, ఎలా లెక్కిస్తారు?

గణాంక సంస్థల ఉద్యోగులు వీడియో చూస్తూ బంతి తగిలిన ప్రతి సంఘటననూ నమోదు చేస్తారు. ప్రత్యర్థి కాలి దగ్గరున్న బంతిని నేల మీది పోరులో తాకి తీసేస్తే ట్యాకిల్. ప్రత్యర్థి ఇచ్చిన పాస్ దారిలోకి కదిలి దాన్ని ఆపితే ఇంటర్‌సెప్షన్. ఎవరికి అందుతుందన్న ఆలోచన లేకుండా ప్రమాదం నుంచి బంతిని దూరంగా తన్నేస్తే క్లియరెన్స్. గోల్ వైపు వెళ్లే షాట్‌కు ఒంటిని అడ్డం పెడితే బ్లాక్.

ఈ నిర్వచనాల్లో రెండు సంగతులు చాలామంది గమనించరు. మొదటిది, ఇవన్నీ బంతి చుట్టూ తిరిగేవే. ఒక ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండే సమయం మొత్తం మ్యాచ్‌లో రెండు మూడు నిమిషాలకు మించదు. మిగిలిన సమయమంతా సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో ఆడే డిఫెండర్) నడుస్తూ, తిరిగి చూస్తూ, పక్కవాళ్లను అరిచి సర్దుతూ గడుపుతాడు. రెండోది, విఫలమైన ట్యాకిల్ ఒకేచోట కనిపించదు. కాలు చాపి మనిషిని పడేస్తే అది ఫౌల్ ఖాతాలోకి పోతుంది. కాలు చాపినా ప్రత్యర్థి తప్పించుకుని వెళ్లిపోతే మరో ఖాతాలోకి పోతుంది. అందుకే "ట్యాకిల్స్‌లో 80 శాతం విజయం" అన్న మాట వినగానే దాని భాగహారంలో కింద ఏముందో అడగాలి. చాలాసార్లు అందులో ఫౌల్స్ ఉండవు.

లెక్కలోకి రాని గొప్ప డిఫెండింగ్‌కు ఒక మంచి ఉదాహరణ చెప్పగలరా?

నా దృష్టిలో అన్నింటికన్నా స్పష్టమైనది 2019 మార్చి 31న లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో జరిగింది. లివర్‌పూల్, టోటెన్‌హామ్ 1-1తో సమానంగా ఉన్నాయి. మాంచెస్టర్ సిటీతో టైటిల్ పోరు ఒక్కో పాయింటు మీద నడుస్తున్న రోజులు. 85వ నిమిషం ప్రాంతంలో టోటెన్‌హామ్ ఎదురుదాడికి దిగింది. బంతితో ముసా సిసోకో, అతని పక్కనే సన్ హ్యూంగ్ మిన్, ఇద్దరికీ ఎదురుగా ఒక్కడే లివర్‌పూల్ డిఫెండర్ వర్జిల్ వాన్ డైక్.

కాలు చాపితే ఒక పాస్‌తో ఆట ముగిసిపోతుంది. వాన్ డైక్ కాలు చాపలేదు. సన్‌కు పాస్ వెళ్లే దారిని ఒంటితో మూస్తూ వెనక్కి జరిగాడు. ఇద్దరిలో గోల్ కొట్టే నేర్పు ఎక్కువ సన్‌కే అని అతనికి తెలుసు. సిసోకో తనకు అలవాటు లేని ఎడమ కాలితో కొట్టాల్సి వచ్చేదాకా ఆగి, అప్పుడు మీదకు వెళ్లాడు. షాట్ గోల్ బార్ మీదుగా పోయింది. 90వ నిమిషంలో టోబీ ఆల్డర్‌వైరెల్డ్ సెల్ఫ్ గోల్‌తో లివర్‌పూల్ 2-1తో గెలిచింది.

ఇప్పుడు ఆ ఘట్టానికి గణాంకాల పట్టికలో ఏం మిగిలిందో చూడండి. సిసోకో పేరున గురి తప్పిన షాట్ ఒకటి. వాన్ డైక్ పేరున ట్యాకిల్ లేదు, ఇంటర్‌సెప్షన్ లేదు, బ్లాక్ లేదు, క్లియరెన్స్ లేదు. సీజన్‌లోని ఉత్తమ డిఫెండింగ్ అని నేను ఎవరికైనా చూపించే క్లిప్ అది. సాధారణ పట్టికకు అది జరిగినట్టే తెలియదు.

కబడ్డీ చూసేవారికి ఇది కొత్త కాదు. మంచి కార్నర్ డిఫెండర్ ఉన్న వైపు రైడర్ కాలే పెట్టడు. అవతలి వైపు తిరిగి, సమయం గడిపి వెనక్కి వెళ్లిపోతాడు. ఆ డిఫెండర్ ఖాతాలో ట్యాకిల్ పాయింట్లు తగ్గుతాయి. భయపడి రైడర్ వదులుకున్న మూల ఏ ఖాతాలోనూ చేరదు.

గణాంకాలను నమ్మి మంచి డిఫెండర్‌ను వదులుకున్న క్లబ్ నిజంగా ఉందా?

అందరూ చెప్పుకునే కథ యాప్ స్టామ్‌ది. 2001 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అతన్ని ఇటలీలోని లాజియోకు అమ్మేశాడు. అప్పటికి స్టామ్ వయసు 29. అతని స్థానంలో 35 ఏళ్ల లారాన్ బ్లాన్‌ను తీసుకున్నారు. స్టామ్ ట్యాకిల్స్ తగ్గుతున్నాయని లెక్కలు చూపించడంతో అతని పని అయిపోయిందని ఫెర్గూసన్ భావించాడన్నది విస్తృతంగా ప్రచారమైన వివరణ. అది ఒక్కటే కారణమని నేను చెప్పను. ఆ రోజుల్లోనే స్టామ్ ఆత్మకథ గొడవ రేపింది, మడమ గాయం నుంచి అతను అప్పుడే కోలుకుంటున్నాడు, లాజియో ఇస్తామన్న మొత్తం కూడా పెద్దదే. అమ్మడం పొరపాటని ఫెర్గూసన్ తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నాడు. స్టామ్ మాత్రం ఆ తర్వాత ఏసీ మిలాన్‌కు వెళ్లి, 2005 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో మాల్దీనీతో కలిసి ఆడాడు.

యునైటెడ్ 2000-01 లీగ్‌లో 31 గోల్స్ ఇచ్చి టైటిల్ గెలిచింది. 2001-02లో 45 గోల్స్ ఇచ్చి మూడో స్థానంలో ఆగింది. ఈ తేడా అంతా స్టామ్ వల్లే అని రాస్తే, నేను ఇంతసేపు తప్పుపడుతున్న పనినే నేనూ చేసినట్టవుతుంది. మిడ్‌ఫీల్డ్‌లోకి వెరోన్ వచ్చాడు, జట్టు ఆడే తీరు మారింది, గోల్ కీపర్ బార్తేజ్ కొన్ని పెద్ద పొరపాట్లు చేశాడు. ట్యాకిల్స్ తగ్గడానికి వేగం తగ్గడం ఒక కారణం కావచ్చు, నిలబడే చోటు మెరుగుపడడమూ కావచ్చు. రెంటికీ అంకె ఒకటే. ఏది నిజమో తేల్చాలంటే వీడియో చూడక తప్పదు.

బలమైన జట్టు డిఫెండర్‌నూ బలహీన జట్టు డిఫెండర్‌నూ ఎలా పోల్చాలి?

మ్యాచ్‌కు ఎన్ని అని పోల్చకండి. ప్రత్యర్థి దగ్గర బంతి ఉన్న సమయానికి ఎన్ని అని పోల్చండి.

ఒక ఊహా ఉదాహరణ. బంతి నిజంగా ఆటలో ఉన్న సమయం 60 నిమిషాలు అనుకుందాం. మొదటి డిఫెండర్ జట్టు బంతిని ఎక్కువగా తన దగ్గరే ఉంచుకుంటుంది. ప్రత్యర్థికి దక్కేది 35 శాతం, అంటే 21 నిమిషాలు. అతను 2 ట్యాకిల్స్ చేశాడు. రెండో డిఫెండర్ జట్టు మీద ప్రత్యర్థి 60 శాతం సమయం, అంటే 36 నిమిషాలు ఆడింది. అతను 3 చేశాడు. యాప్‌లో రెండోవాడు ముందున్నాడు. 10 నిమిషాలకు లెక్క కడితే మొదటివాడిది 0.95, రెండోవాడిది 0.83. వరుస తలకిందులైంది.

ఫాంటసీ ప్రీమియర్ లీగ్ (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వాళ్ల ఆటను బట్టి పాయింట్లు పొందే ఆన్‌లైన్ ఆట) ఆడేవారికి దీని ప్రభావం 2025-26 నుంచి నేరుగా తగులుతోంది. క్లియరెన్స్‌లు, బ్లాక్‌లు, ఇంటర్‌సెప్షన్లు, ట్యాకిల్స్ కలిపి ఒక మ్యాచ్‌లో కనీసం 10 చేసిన డిఫెండర్‌కు 2 పాయింట్లు ఇస్తున్నారు. అంతకుముందు డిఫెండర్లకు ప్రధానంగా క్లీన్ షీట్ పాయింట్లే దిక్కు కాబట్టి ఆ మార్పును నేను స్వాగతించాను. కానీ ఆ 2 పాయింట్లు గోల్ ముందు గుంపుగా నిలబడి అంచుల నుంచి వచ్చే క్రాస్‌లను తలతో బయటికి పంపే జట్లలోని సెంటర్ బ్యాక్‌లకు తేలిగ్గా వస్తాయి. అవి పని భారానికి కొలత. సామర్థ్యానికి కొలత అనుకుని వాదనలోకి తేవద్దు.

బంతి సమయాన్ని బట్టి సరిదిద్దిన లెక్క కూడా ముగింపు కాదు. బలమైన జట్టు డిఫెండర్ వెనుక 40 మీటర్ల ఖాళీ మైదానం ఉంటుంది. అతనికి తక్కువసార్లు ప్రమాదం వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఒంటరిగా పరుగెత్తాలి. బలహీన జట్టు డిఫెండర్ వెనుక గోల్ కీపర్ తప్ప ఖాళీ ఉండదు, పక్కన నలుగురుంటారు. ఇద్దరి ఉద్యోగాలకు పేరు ఒకటే కానీ పనులు వేరు.

క్లీన్ షీట్లు చూస్తే సరిపోదా? గోల్ ఇవ్వకపోవడమే కదా డిఫెన్స్!

జట్టు డిఫెన్స్‌కు అది మంచి కొలతే. మనిషికి పంచేటప్పుడే చిక్కు. 2004-05లో చెల్సీ 38 లీగ్ మ్యాచ్‌లలో 15 గోల్స్ మాత్రమే ఇచ్చింది. పీటర్ చెక్ ఒక్కడే 24 క్లీన్ షీట్లు సాధించాడు. ఆ ఘనత చెక్‌దా, కెప్టెన్ జాన్ టెర్రీదా, పక్కన ఆడిన రికార్డో కర్వాల్యోదా, వీళ్ల ముందు నిలబడి దాడులను మొగ్గలోనే తుంచేసిన క్లోద్ మకెలెలేదా? ఆ ఏడాది ఆటగాళ్లు ఓటేసే ఉత్తమ క్రీడాకారుడి అవార్డు టెర్రీకి వచ్చింది. మకెలెలే లేకపోతే టెర్రీ అదే టెర్రీయా అన్నది ఇప్పటికీ నన్ను వదలని ప్రశ్న.

ఇటలీ 2006 ప్రపంచకప్ దీనికన్నా ముచ్చటైనది. 7 మ్యాచ్‌లలో ఇటలీ ఇచ్చినవి 2 గోల్స్. ఒకటి అమెరికా మీద జక్కార్దో చేసిన సెల్ఫ్ గోల్, రెండోది ఫైనల్లో జిదాన్ పెనాల్టీ. ప్రత్యర్థి ఆటగాడు ఎవరూ మామూలు ఆటలో ఇటలీ వలను కదిలించలేదు. కెప్టెన్ ఫాబియో కన్నవారో మొత్తం 690 నిమిషాలూ ఆడి ఒక్క కార్డు కూడా చూడలేదు. సెంటర్ బ్యాక్‌కు పొట్టి అనిపించే 1.76 మీటర్ల ఎత్తుతో ఆ పని చేశాడు. నన్ను అడిగితే, ఆ 2 గోల్స్ కన్నా ఆ కార్డులు లేకపోవడమే అతని గురించి ఎక్కువ చెబుతుంది. ఆలస్యంగా చేరుకునేవాడు మనిషిని పట్టుకుంటాడు, లాగుతాడు, కార్డు తింటాడు. సమయానికి ముందే అక్కడున్నవాడికి ఆ అవసరం రాదు.

"ఎవరూ దాటలేని డిఫెండర్" అని చెప్పే లెక్కను నమ్మవచ్చా?

వాన్ డైక్ 2018-19 ప్రీమియర్ లీగ్ సీజన్ మొత్తంలో ఒక్క ఆటగాడు కూడా అతన్ని డ్రిబుల్‌తో (బంతిని కాలి దగ్గరే ఉంచుకుని) దాటలేదన్నది ప్రసిద్ధమైన లెక్క. 2018 మార్చిలో న్యూకాజిల్ ఆటగాడు మికెల్ మెరీనో దాటాక, మళ్లీ 2019 ఆగస్టు 24న ఆర్సెనల్ ఆటగాడు నికొలా పెపే దాటేదాకా ఆ వరుస సాగింది. అది అసాధారణమైన ఘనత. నేను దాన్ని తగ్గించడం లేదు.

కానీ అది ఏం కొలుస్తుందో చూడాలి. డిఫెండర్ బంతి కోసం ప్రయత్నించి విఫలమైతేనే "దాటాడు" అని రాస్తారు. ప్రయత్నించకుండా వెనక్కి తగ్గుతూ పోయేవాడు ఎన్నడూ దాటబడడు. వాన్ డైక్ వెనక్కి తగ్గి ప్రత్యర్థిని తాను కోరుకున్న చోటికి నడిపించే తరహా మనిషి, ఆ తరహాకు ఈ లెక్క అనుకూలం. మిడ్‌ఫీల్డ్ దాకా ముందుకు వెళ్లి బంతి లాక్కోమని కోచ్ ఆదేశించిన డిఫెండర్‌ను నలుగురు దాటుతారు, అతను పది దాడులను పుట్టకముందే ఆపుతాడు. ఆ ఇద్దరినీ ఈ ఒక్క గీత మీద నిలబెట్టి పోల్చకూడదు.

గాలిలో బంతి కోసం పోరు, శాతాల్లో ఇస్తారు కదా. అదైనా నమ్మవచ్చా?

ఉన్నవాటిలో కొంత మెరుగైనది, ఎందుకంటే ఓడినవి కూడా అందులోనే లెక్కకు వస్తాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. నిజంగా 60 శాతం గెలిచే సత్తా ఉన్న ఆటగాడు 30 పోరుల్లో 15 గెలవడమూ మామూలే, 21 గెలవడమూ మామూలే. అంటే అదే మనిషి 50 శాతంగానూ 70 శాతంగానూ కనిపించగలడు. ఆరేడు మ్యాచ్‌ల తర్వాత "ఇతని హెడింగ్ పడిపోయింది" అని తీర్పులు ఇచ్చేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఒక సీజన్ తక్కువ, రెండు సీజన్లు పరవాలేదు.

ఫుల్‌బ్యాక్‌ల (అంచుల్లో ఆడే డిఫెండర్ల) సంగతి? వాన్ బిస్సాకా మేలా, అలెగ్జాండర్-ఆర్నాల్డ్ మేలా?

ఈ వాదనలో ఎంతమంది స్నేహితులు అలిగి వెళ్లిపోయారో నాకు తెలుసు. 2018-19లో క్రిస్టల్ ప్యాలెస్ తరఫున ట్యాకిల్స్‌లో ముందు వరుసలో నిలిచిన ఆరన్ వాన్ బిస్సాకాను మాంచెస్టర్ యునైటెడ్ భారీ మొత్తానికి కొన్నది. అదే సీజన్లో ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ 12 గోల్స్‌కు పాస్‌లు అందించాడు, మరుసటి ఏడాది 13. డిఫెండర్‌కు అవి ప్రీమియర్ లీగ్ రికార్డులు. ఒకరి గొప్పతనానికి ట్యాకిల్స్ సాక్ష్యం, మరొకరి గొప్పతనానికి అసిస్ట్‌లు సాక్ష్యం. పోటీ పెట్టింది రెండు వేర్వేరు పనులకు.

అలెగ్జాండర్-ఆర్నాల్డ్ వెనుక ఖాళీ కనిపించినప్పుడల్లా "డిఫెండింగ్ రాదు" అనేవారు, ఆ ఖాళీ అతను ముందుకు వెళ్లాలన్న జట్టు పథకం ఖరీదని మరచిపోతారు. అయితే అతను తన స్థానంలో ఉండగానే వెనుక నుంచి పరుగెత్తిన మనిషిని గమనించని సందర్భాలూ చూశాను. వాటికి పథకాన్ని సాకుగా చూపలేం. ఆ రెండింటినీ విడదీసే అంకె ఇప్పటిదాకా సాధారణ పట్టికల్లో నాకు కనిపించలేదు.

యాప్‌లు ఇచ్చే 7.4, 6.8 రేటింగ్‌లు?

డిఫెండర్ల విషయంలో నేను చూడను. మధ్యస్థ అంకెతో మొదలై, నమోదైన ప్రతి పనికీ కొంత కలుపుతూ, తీసివేస్తూ పోయే లెక్క అది. కార్నర్‌కు తలతో ఒక గోల్ కొట్టిన సెంటర్ బ్యాక్ రోజంతా తడబడినా పైన తేలతాడు.

అంకెలు వదిలేసి కళ్లతో చూస్తే చాలదా?

ఆటను ప్రేమించేవారు ఇలా అడగడం సహజం. నా జవాబు: కళ్లు అంకెలకన్నా క్రూరంగా ప్రవర్తించగలవు. 2022 డిసెంబరు 13న ప్రపంచకప్ సెమీఫైనల్లో లియొనెల్ మెస్సీ కుడి అంచున క్రొయేషియా డిఫెండర్ యోష్కో గ్వార్డియోల్‌ను తిప్పి తిప్పి దాటి, హూలియన్ అల్వారెజ్‌కు గోల్ అందించాడు. ఆ క్లిప్ ప్రపంచమంతా తిరిగింది. అప్పటికి గ్వార్డియోల్ వయసు 20. ఆ టోర్నీ ఆసాంతం అతను ఉత్తమ డిఫెండర్లలో ఒకడిగా ఆడాడు. ఆ దాడిలో కూడా చాలాసేపు మెస్సీని వదలకుండా అంటిపెట్టుకునే పరుగెత్తాడు. కళ్లకు గుర్తుండిపోయింది ఆఖరి మలుపు. మరుసటి ఏడాది మాంచెస్టర్ సిటీ అతన్ని అత్యంత ఖరీదైన డిఫెండర్లలో ఒకడిగా కొన్నదంటే, వాళ్లు ఆ ఒక్క క్లిప్ చూసి ఆగిపోలేదని అర్థం.

ఫ్రాంకో బరేసీ కథ నన్ను మరింత బాధిస్తుంది. 1994 ప్రపంచకప్‌లో నార్వేతో మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. శస్త్రచికిత్స చేయించుకుని, దెబ్బ తగిలిన మూడున్నర వారాలకే ఫైనల్లో దిగాడు. రొమారియో, బెబెతో అనే స్ట్రైకర్లున్న బ్రెజిల్‌ను 120 నిమిషాలు ఇటలీ గోల్ లేకుండా ఆపింది. ఆ డిఫెన్స్‌కు మధ్యలో నిలిచినవాడు బరేసీ. తర్వాత షూటౌట్‌లో అతని పెనాల్టీ పైనుంచి పోయింది. ఆ రోజు గురించి రికార్డు పుస్తకం అతని పేరు పక్కన రాసుకున్నది ఆ తప్పిన పెనాల్టీనే, చాలామంది కళ్లు దాచుకున్నదీ అదే.

ఒక డిఫెండర్ గాయపడి దూరమైనప్పుడు జట్టు ఎలా ఆడిందో చూస్తే విలువ తేలిపోదా?

కొంతవరకు. 2020 అక్టోబరులో వాన్ డైక్ మోకాలి గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. 2021 జనవరి 21న బర్న్‌లీ చేతిలో లివర్‌పూల్ ఓడి, సొంతగడ్డపై 68 లీగ్ మ్యాచ్‌ల అజేయ వరుస తెగింది. దానితో కలిపి అక్కడ వరుసగా 6 ఓటములు వచ్చాయి. "చూశారా అతని విలువ" అని అందరం అన్నాం. కానీ జో గోమెజ్, జోయెల్ మతీప్ కూడా గాయపడ్డారు. ఫబీన్యో, హెండర్సన్ లాంటి మిడ్‌ఫీల్డర్లు డిఫెన్స్‌లోకి రావడంతో మిడ్‌ఫీల్డ్ కూడా బోసిపోయింది. ప్రేక్షకులు లేని మైదానాల కాలం అది. ఒక మనిషి లేని లోటును ఇన్నింటి మధ్య నుంచి ఏరి తీయడం కష్టం.

కొత్త సాంకేతికత ఈ అన్యాయాన్ని సరిదిద్దుతుందా?

నాకు నిజమైన ఆశ ఉన్నది ఇక్కడే. పాత పద్ధతి బంతి దగ్గర జరిగినదాన్ని నమోదు చేసేది. ఇప్పుడు మైదానం చుట్టూ అమర్చిన కెమెరాలు 22 మంది ఎక్కడున్నారో సెకనుకు 25 సార్లు పట్టుకుంటున్నాయి. దాని మీద, మైదానంలోని ఒక్కో చోటికి బంతి వస్తే ముందుగా ఎవరు చేరగలరో అంచనా వేసే లెక్కలు వచ్చాయి. వాటిని రూపొందించినవారిలో విలియం స్పియర్‌మన్ ఒకరు. కణ భౌతికశాస్త్రం చదివి లివర్‌పూల్ పరిశోధన బృందంలో చేరిన వ్యక్తి. ఇలాంటి లెక్కలో ఆన్‌ఫీల్డ్ ఘట్టాన్ని పెడితే, వాన్ డైక్ ఒక అడుగు పక్కకు జరిగినప్పుడు సన్‌కు పాస్ అందే అవకాశం ఎంత తగ్గిందో చెప్పవచ్చు. అంటే జరగని పాస్‌కు కూడా ఒక విలువ కట్టవచ్చు.

అడ్డంకులు రెండు. ఈ సమాచారం ఎక్కువగా క్లబ్బుల దగ్గరే ఉంటుంది, అభిమానులకు అందేది ఇంకా పాత పట్టికే. రెండోది, ఆ చోట నిలబడాలన్నది డిఫెండర్ నిర్ణయమా, కోచ్ ఆదేశమా, పక్కవాడు అరిచి చెప్పిందా అన్నది కెమెరాకు తెలియదు. ఆఫ్‌సైడ్ వల (డిఫెండర్లంతా ఒకేసారి ముందుకు జరిగి ప్రత్యర్థిని ఆఫ్‌సైడ్‌లో పడేయడం) కోసం లైన్‌ను పైకి పిలిచిన గొంతు ఎవరిదో ఏ కెమెరా నమోదు చేయదు.

హైదరాబాద్ పాత తరం డిఫెండర్లను నేటివారితో పోల్చవచ్చా?

అంకెలతో అసలు పోల్చలేం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందినప్పుడు, ఆ తరంలో హైదరాబాద్ ఫుల్‌బ్యాక్ అజీజుద్దీన్ ఎన్ని దాడులు ఆపాడో ఎవరూ రాసిపెట్టలేదు. హైదరాబాద్‌లోనే పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చాడు. ఆయన పేరు పక్కన పతకం ఉంది, అర్జున అవార్డు ఉంది. ఒక్క ట్యాకిల్ లెక్క లేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం జట్టు డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఒక గోల్ కొట్టాడు. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఆసియాలోనే అగ్రశ్రేణి స్టాపర్‌గా (సెంటర్ బ్యాక్‌గా) పేరుపొందిన మనిషికి ఆ టోర్నీ నుంచి మిగిలిన అంకెలు ఆ రెండు గోల్సే.

మ్యాచ్ చూస్తూ నేనే ఏదైనా రాసుకోవాలంటే ఏం రాసుకోవాలి?

నేను చేసే పద్ధతి చెబుతాను. ఒక్క సెంటర్ బ్యాక్‌ను ఎంచుకుని 20 నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు ఎన్నిసార్లు మెడ తిప్పి వెనుక ఉన్న మనిషిని చూసుకున్నాడో గీతలు పెట్టండి. ప్రత్యర్థి అతని వైపు పాస్ ఇవ్వబోయి మానుకుని వెనక్కి ఇచ్చిన ప్రతిసారీ ఇంకో గీత. ఫుల్‌బ్యాక్ ముందుకు వెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి జరిగాడా లేదా, చివరి నిమిషాల్లో కాళ్లు అలసినప్పుడు లైన్ నుంచి ఎంత వెనకబడ్డాడు అన్నవి కూడా. మైదానానికి వెళ్లి చూడగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, సెంటర్ బ్యాక్ తెర బయట ఉండిపోతాడు. ఆ గీతల కాగితాన్ని మ్యాచ్ తర్వాత యాప్ పట్టిక పక్కన పెట్టండి. రెండూ కలవని చోట రికార్డింగ్ వెనక్కి తిప్పి ఆ నిమిషం మళ్లీ చూడండి.